రెండో నంబరు కిటికీ

ఆ వేసవిలో బడికి సెలవులిచ్చాక, పొద్దున్నే లేచి నేను చేసే మొదటి పని నా భార్య బ్లాగు తెరిచి చూడడం. చదవడానికి కాదు. ఆమె రాసిన చివరి టపా ఇంకా పైనే ఉందో లేదో చూసుకోవడానికి. ఉండక ఎక్కడికి పోతుంది? కొత్తది రాసి దాన్ని కిందికి నెట్టే మనిషి లేదు. అయినా చూసేవాణ్ణి. ఉండేది. మూసేసి, అత్తయ్యకి టీ పెట్టేవాణ్ణి.

నా భార్య బస్టాండులో విచారణ గుమస్తాగా పనిచేసేది. రెండో నంబరు కిటికీ ఆమెది. బ్లాగు పేరు కూడా అదే. ప్రతి టపా ఎవరో ఒక ప్రయాణికుడు అడిగిన ప్రశ్నతో మొదలయ్యేది. "మా చెల్లెలు నిన్న ఎక్కిన బస్సే కావాలండీ, ఏది?" "బస్సు ఆలస్యమన్నారు కదా, అది తొందరగా వస్తుందా ఆలస్యంగా?" ఇలాంటివి. కింద రెండు జవాబులు రాసేది. ఒకటి, కిటికీలోంచి తను చెప్పిన జవాబు. రెండోది, సాయంత్రం ఇంటికొస్తూ బస్సులో తోచిన జవాబు. ఎప్పుడూ రెండోదే బాగుండేది.

నేను భాష చెప్పే మాష్టారిని. టపా పెట్టేముందు మాత్రం నన్ను చూడనిచ్చేది కాదు.

"మీ చేతిలో కనపడని ఎర్రసిరా కలం ఉంటుందండీ. మీరు చూస్తుంటే నా వాక్యాలు చేతులు కట్టుకుని నిలబడిపోతాయి."

అందరితో పాటే నేనూ చదివేవాణ్ణి. ఎలా ఉందని అడిగేది. బాగుందనేవాణ్ణి.

"మీ బళ్ళో పిల్లలకి కూడా ఇంత ధారాళంగానే మార్కులేస్తారా?" అనేది.

చివరి టపా ఒక గొడుగు గురించి. ఒక పెద్దాయన కిటికీ దగ్గరకొచ్చి, "గొడుగు బస్సులో మర్చిపోయానమ్మా. అది వెనక్కి రావాలంటే దానికి టికెట్టు కొనాలా?" అని అడిగాడట. "చంటిపిల్లలకీ గొడుగులకీ టికెట్టు లేదండీ" అని ఈమె చెప్పింది. మర్నాడు గొడుగు వచ్చింది. పెద్దాయన రాలేదు. నల్ల గొడుగు, చెక్క పిడి, పిడికి ఎర్ర దారం. "నా వెనక అరలో పెట్టాను. నేను దాన్ని చూస్తున్నాను, అది నన్ను చూస్తోంది. ఎవరికి ముందు విసుగొస్తుందో చూడాలి" అని ముగించింది.

ఆ తరవాతి వారమే ఆసుపత్రిలో చేర్చాం. మా వీధి చెట్లు చిగుళ్ళు వేసేనాటికి ఆమె లేదు.

ఇక వాళ్ళ సంగతి చెప్పాలి. ఆ బ్లాగు చదివి వ్యాఖ్యలు రాసేవాళ్ళందరూ తామూ బ్లాగులు రాసేవాళ్ళే. ఒకరిది ఒకరు చదువుకునేవారు. అసలు పేర్లు ఎవరికీ తెలియవు. బ్లాగు పేరే మనిషి పేరు. సినిమా హాల్లో చీకట్లో జనానికి సీట్లు చూపించే ఒకాయన టార్చిలైటు. ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఆమె మేడమెట్లు. ఆసుపత్రి వంటశాలలో పనిచేసే ఆవిడ ఉల్లిపొర. రాత్రి అన్నం దగ్గర నా భార్య వాళ్ళ కబుర్లు పక్కింటివాళ్ళ కబుర్లలాగే చెప్పేది.

"మేడమెట్లుకి మోకాలి నొప్పి తగ్గిందట."

"మేడమెట్లకి మోకాలేమిటే!" అనేది అత్తయ్య. నా భార్యకి తల్లి. మాతోనే ఉండేది, ఇప్పుడూ ఉంటోంది. "మొహం చూసింది లేదు, ఊరు తెలిసింది లేదు, పేరడిగితే సామాను పేరు చెప్తారు. గాలి మనుషులమ్మా వీళ్ళు."

"గాలి లేకుండా నువ్వు ఎంతసేపు ఉంటావే అమ్మా?" అనేది నా భార్య.

అలాంటి వాళ్ళు, ఆమె పోయాక, ఒక్కరు కూడా ఆమె ఏమైందని అడగలేదు. గొడుగు టపా కింద చివరి వ్యాఖ్య టార్చిలైటుది. "ఆ గొడుగుకి నా నమస్కారాలు చెప్పండి కిటికీ గారూ." ఆ తరవాత ఏమీ లేదు. రోజూ అక్కడిదాకా వెళ్ళి ఆ ఖాళీని చూసి వచ్చేవాణ్ణి. ఆమేమో ఎన్నో ఏళ్ళు, ఒంట్లో బాగాలేని రోజున కూడా, వాళ్ళు రాసినవన్నీ చదివి మరీ పడుకున్న మనిషి. ఇది నాకు గుచ్చుకుంది. పైకి అనలేదు. అత్తయ్య అంది.

"మూసెయ్యి బాబూ. మనిషి లేని కిటికీకి రెక్కలెందుకు? అడిగే దిక్కు కూడా లేదు."

"మూస్తాను. బడి తెరిచేలోపు."

మా అమ్మాయి అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. కాలేజీ సెలవులకి ఇంటికొచ్చి ఉంది.

"మూస్తే అమ్మ రాసిందంతా పోతుంది నాన్నా."

"కాగితాల మీదికి ఎక్కించి దాచుకుందాం."

"కాగితాల మీద ఎవరొచ్చి మాట్లాడతారు?"

"ఇప్పుడు మాత్రం ఎవరొచ్చి మాట్లాడుతున్నారమ్మా?"

అది మళ్ళీ అన్నం కలపడం మొదలుపెట్టింది.

ఎండలు ముదిరాక ఒక ఉదయం నా భార్యకి ఒక మెయిలు వచ్చింది. ఏటా వేసవిలో వాళ్ళు ఒక ఆట ఆడుకుంటారు. చీట్లు వేసుకుని, ఎవరి చీటీలో ఎవరి బ్లాగు వస్తే అక్కడ ఒక టపా రాస్తారు. దాన్ని 'ఇల్లు మారడం' అంటారు. మెయిలు రాసింది టార్చిలైటు. "కిటికీ గారూ, ఈసారి మీ ఇల్లు నాకొచ్చింది. ఎప్పుడు రమ్మంటారు? తొందరేం లేదు. మీకు వీలైనప్పుడే."

అంత మామూలుగా రాశాడు. కిటికీ గారు భోజనానికి లేచి వెళ్ళినట్టు.

జవాబు రాయడానికి నాకు ఆ పూటంతా పట్టింది. పిల్లలకి సంతాప లేఖ ఎలా రాయాలో పాఠం చెప్పే మనిషిని. రాసిన ప్రతి వాక్యం పాఠంలాగే ఉంది, కొట్టేశాను. చివరికి మిగిలింది ఇది:

"ఈ కిటికీలో కూర్చునే మనిషి వసంతంలో చనిపోయింది. నేను ఆమె భర్తను. దయచేసి ఇక్కడ ఎవరూ ఏమీ రాయవద్దు. ఆమె రాసినదే పైన ఉండాలి. బడి తెరిచేలోపు ఈ బ్లాగు మూసేస్తాను. ఇన్నాళ్ళూ మీలో ఎవరూ అడగలేదు కనుక నేనూ చెప్పలేదు."

ఆఖరి వాక్యం తీసేద్దామనుకున్నాను. తియ్యలేదు. దాన్నే గొడుగు టపా కింద వ్యాఖ్యగా కూడా పెట్టమని అమ్మాయితో చెప్పాను. చదివి నా వంక చూసింది.

"ఈ చివరిది ఉంచాలా నాన్నా?"

"ఉంచు."

ఆ మధ్యాహ్నమే టార్చిలైటు నుంచి ఇంకో మెయిలు వచ్చింది. ఒక ఫోను నంబరు, దాని కింద "మాట్లాడాలనిపిస్తేనే" అన్న ఒక్క మాట. నాకు మాట్లాడాలనిపించలేదు. అమ్మాయే నంబరు కలిపి, "నాన్నకి ఇస్తున్నానండీ" అని ఫోను నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్ళిపోయింది. తల్లి పోలిక.

అవతల చాలాసేపు గొంతు సవరించుకుంటున్న చప్పుడు వినిపించింది.

"మాష్టారూ, మీరు రాసిన చివరి మాట న్యాయమైనదే" అన్నాడు. పెద్ద వయసు గొంతు. "దానికి జవాబు చెప్పుకోవచ్చా?"

"చెప్పండి."

"మాలో ఒక అలవాటుంది. రాయడం ఆపేసినవాళ్ళని ఎందుకు ఆపేశారని అడగం. నా కళ్ళకి ఆపరేషనైనప్పుడు నేను చాలాకాలం రాయలేదు. అందరూ ప్రేమగానే అడిగారు, ఏమయ్యారు, ఎక్కడున్నారు అని. అడిగినకొద్దీ నాకు సిగ్గేసి ఇంకా దాక్కున్నాను. హాల్లో సినిమా మొదలయ్యాక వచ్చినవాడి మొహం మీద లైటు వేస్తే వాడు వెనక్కే పోతాడు మాష్టారూ. కాళ్ళ దగ్గర వెయ్యాలి. అప్పుడు ఒక మనిషి మావాళ్ళందరికీ రాసింది. అడక్కండి, ఒక కుర్చీ ఖాళీగా ఉంచండి చాలు, ఆయనే వస్తాడు అని. నేను వచ్చాను. అప్పటినుంచీ అదే మా పద్ధతి."

నేను చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టాను.

"ఆ మనిషి ఎవరో మీకు వేరే చెప్పక్కర్లేదు" అన్నాడు. "ఆవిడ నేర్పిందే ఆవిడకీ పాటించాం. తప్పయిపోయింది. రోజూ పొద్దున్నే వచ్చి చూసేవాణ్ణి, కొత్తది ఏమైనా పెట్టారేమోనని."

నేను గోడకి ఆనుకున్నాను. కొత్తది లేదని చూసుకోవడానికి నేను, ఉందేమోనని చూడడానికి ఆయన, ఇద్దరం పొద్దున్నే ఒకే పేజీ తెరిచేవాళ్ళమన్నమాట.

"మీ టీ చల్లారిపోతుంది, ఉంటాను" అన్నాడు. నేను టీ తాగుతున్నానని ఆయనకెలా తెలుసు? మా ఇంట్లో మధ్యాహ్నం టీ ఎప్పుడు పెడతారో నా భార్య ఏ టపాలోనో రాసే ఉంటుంది.

మా బ్లాగులో ఎవరూ టపా రాయలేదు. నేను వద్దన్నాను కదా. గొడుగు పైనే ఉంది. కింద వ్యాఖ్యల్లో మాత్రం ఒక్కొక్కరు వచ్చి ఒక్క వాక్యం రాసి వెళ్ళారు. ఆ తరవాత అమ్మాయి ఒక సంగతి కనిపెట్టింది. ఆ వారం వాళ్ళలో ఎవరూ ఇల్లు మారలేదు. ఎవరి ఇంట్లో వాళ్ళే ఉండి, ప్రతి ఒక్కరూ తమ టపాని ఒక ప్రశ్నతో మొదలుపెట్టారు. కింద రెండు జవాబులు రాశారు. ఎక్కడ చూసినా రెండో నంబరు కిటికీయే.

రాత్రి అన్నాలయ్యాక అమ్మాయి ఒక్కొక్కటీ పైకి చదివేది. అత్తయ్య వినడం లేదన్నట్టు గోడవైపు తిరిగి పడుకుని వినేది.

ఉల్లిపొర రాసిన ప్రశ్న ఇది: "రోజూ గరిటె తిప్పే దాన్ని, నేను బ్లాగు రాస్తే ఎవరు చదువుతారు?" ఆ ప్రశ్న ఆవిడ ఒకప్పుడు నా భార్యనే అడిగిందట. నా భార్య చెప్పిన జవాబు కూడా అక్కడే ఉంది. "నేను చదువుతాను. క్యూకి ఒక మనిషి నిలబడితే చాలు. ఎందుకో తెలియకపోయినా వెనక నలుగురు నిలబడతారు. రోజూ చూస్తున్నాగా."

ఆవిడ టపాకి ఇప్పుడు ఎక్కడెక్కడి ఊళ్ళ జనమో వచ్చి వ్యాఖ్యలు రాస్తున్నారు. మేడమెట్లు కథా అలాంటిదే. ఇంకొకరిదీ, మరొకరిదీ అంతే. చదువుతూ ఉంటే ఒకటి అర్థమైంది. వీళ్ళలో చాలామందికి మొట్టమొదటి వ్యాఖ్య రాసిన మనిషి నా భార్య. నేను బడిలో హాజరు వేసినంతకాలం ఆమె అక్కడ తలుపులు తీస్తూ కూర్చుంది. నాకు తెలియక కాదు. ఇంత ఉందని తెలియదు.

"చదవడం ఆపావేమే?" అంది గోడవైపు నుంచి అత్తయ్య.

"నిద్రపోయావనుకున్నా అమ్మమ్మా."

"కళ్ళు మూసుకుంటే చెవులు కూడా మూసుకుంటాయా? ఆ మెట్లావిడది ఇంకోసారి చదువు."

బడి తెరిచే రోజు దగ్గరపడుతోంది. బ్లాగు మూస్తానన్న మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, వెనక్కీ తీసుకోలేదు. ఒక ఆదివారం ఉదయం బస్టాండు నుంచి ఫోను. ఇప్పుడు రెండో కిటికీలో కూర్చుంటున్న అమ్మాయి. కొత్తగా చేరింది, నా భార్య దగ్గరే పని నేర్చుకుంది.

"మాష్టారూ, ఒకసారి రాగలరా? నా కిటికీ దగ్గర పెద్ద క్యూ ఉంది. ఎవరూ బస్సుల గురించి అడగట్లేదు. అంటే, బస్సు గురించే. మీరు రండి."

వెళ్ళాను. సెలవు రోజు, బస్టాండు పలచగా ఉంది. ఒకటో కిటికీ ఖాళీ. మూడో కిటికీ ఖాళీ. రెండో కిటికీ ముందు మాత్రం ఇనుప కటకటాల చివరిదాకా మనుషులు. మాసిన చేతిసంచులు, నీళ్ళ సీసాలు, రాత్రంతా బస్సులో కూర్చుని నలిగిన బట్టలు. ఒకరి భుజం మీద ఒకరు తట్టుకుంటూ, "మీరు ఉల్లిపొరా! నేను మగాళ్ళనుకున్నానండీ", "నేను రంపాన్ని", "అమ్మో, రంపం గారు ఇంత మెత్తగా ఉంటారా" అని నవ్వుకుంటున్నారు. వాళ్ళు కూడా ఒకరినొకరు అప్పుడే చూడడం.

అందరికంటే ముందు నల్ల కళ్ళద్దాల పెద్దాయన. కిటికీ చట్రం మీద చెయ్యి ఆనించి అడుగుతున్నాడు.

"అమ్మా, ఈ కిటికీలో ఇంతకుముందు కూర్చున్న ఆవిడ ఇంటికి వెళ్ళాలంటే ఏ బస్సు ఎక్కాలి?"

ఆ గొంతు నాకు తెలుసు.

ఫోను చేసి అడగొచ్చు. మా అమ్మాయి నంబరు ఆయన దగ్గర ఉంది. తరవాత అదే అడిగితే, "ఆవిడ దగ్గరికి దారి ఆ కిటికీలో అడగాలనిపించింది మాష్టారూ. మాకు తెలిసిన చిరునామా అదొక్కటే" అన్నాడు.

కొత్తమ్మాయి జవాబు నా భార్య నేర్పినట్టే చెప్పింది. వేగంగా కాదు, అడిగినవాడి మొహం చూస్తూ. "ఏడో నంబరండీ. నాలుగో ప్లాట్‌ఫారం. నీళ్ళ ట్యాంకు దగ్గర దిగండి. దిగాక ఎడమవైపు, పచ్చ గేటు." ఆయన పక్కకి జరిగాడు. వెనకావిడ వచ్చి అదే ప్రశ్న అడిగింది. కొత్తమ్మాయి అదే జవాబు మొదటినుంచీ చెప్పింది. ఆ వెనకతనికీ చెప్పింది. ముందువాళ్ళకి చెప్పింది అందరికీ వినపడుతూనే ఉంది. అయినా ప్రతి ఒక్కరూ తమ వంతు వచ్చేదాకా నిలబడి, కిటికీ దగ్గరకి వెళ్ళి, తమ నోటితో అడిగారు.

నేను ఎవరినో చెప్పుకోలేదు. క్యూ చివర నిలబడ్డాను. మెల్లగా ముందుకి జరిగాను. ఎన్నోసార్లు ఆమెకి భోజనం డబ్బా ఇవ్వడానికి వచ్చిన చోటు. ఎప్పుడూ పక్క తలుపులోంచి వెళ్ళేవాణ్ణి. క్యూలో నిలబడడం అదే మొదలు. నా వంతు వచ్చింది. కొత్తమ్మాయి కళ్ళు తుడుచుకుంది.

"మీకేం కావాలి మాష్టారూ?"

"నాదీ అదే బస్సమ్మా" అన్నాను.

వెనక్కి తిరిగేసరికి అందరూ నా వంక చూస్తున్నారు. టార్చిలైటు కళ్ళద్దాలు తీసి పట్టుకుని ఉన్నాడు.

ఏడో నంబరు బస్సు మాతోనే నిండిపోయింది.

ఇంట్లో కుర్చీలు చాల్లేదు. అమ్మాయి పక్కింటికి ఒకసారి, ఎదురింటికి ఒకసారి పరిగెత్తింది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినీ తేరిపార చూసింది.

"నువ్వేనా మెట్లమ్మాయివి? సన్నగా ఉంటావనుకున్నానే."

"రాసేటప్పుడు సన్నగానే ఉంటానమ్మమ్మా" అంది మేడమెట్లు.

"మోకాలెలా ఉంది?"

"ఇంత దూరం తీసుకొచ్చిందిగా."

అత్తయ్య ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి, తన మంచం మీద కూర్చోబెట్టింది. ఆ మంచం మీద మమ్మల్ని కూడా కూర్చోనివ్వదు.

ఉల్లిపొర ఎవరూ చెప్పకుండానే వంటింట్లో దూరింది. టార్చిలైటు నా భార్య రాసుకునే చోటు చూపించమన్నాడు. అలాంటి చోటేమీ లేదని, బస్సులో ఫోనులో రాసుకునేదని చెప్పాను. "అయితే ఇందాకే చూసేశాం" అన్నాడు. వాళ్ళు దుఃఖపడడానికి వచ్చినవాళ్ళలా లేరు. ఆమె రాసిన ప్రశ్నలు ఒకరికొకరు గుర్తుచేసుకుని పొట్టలు పట్టుకుని నవ్వుకున్నారు. ఎవరికీ టపాలు తెరిచి చూసే పని పడలేదు. అన్నీ నోటికొచ్చు. ముప్ఫై మంది పిల్లలకి పాఠం వల్లె వేయించడం ఎంత కష్టమో తెలిసినవాణ్ణి, అలా వింటూ నిలబడ్డాను. ఇది నా భార్య రాసింది, అని ఎవరికైనా చెప్పాలనిపించింది. చెప్పడానికి అక్కడ తెలియనివాళ్ళు లేరు.

బ్లాగు మూస్తారా అని ఒక్కరు కూడా అడగలేదు. అడగడం వాళ్ళ పద్ధతి కాదు.

సాయంత్రం అందరినీ బస్సెక్కించి వచ్చాక, ఇంటినిండా ఖాళీ కుర్చీలు. ఇంకా తిరిగివ్వలేదు. వాటి మధ్య కూర్చుని అమ్మాయిని పిలిచాను.

"అమ్మ బ్లాగులో కొత్తది ఎలా పెడతారో చూపించు."

చూపించింది. నేను రాశాను. ఎర్రసిరా కలం పక్కన పెట్టడం నాకు కొంచెం కష్టమైంది కానీ రాశాను. పైన ప్రశ్న: ఈ కిటికీలో ఇంతకుముందు కూర్చున్న ఆవిడ ఇంటికి వెళ్ళాలంటే ఏ బస్సు ఎక్కాలి? కింద జరిగింది జరిగినట్టు. చెప్పిన జవాబు: నాదీ అదే బస్సు. ఇంటికొస్తూ బస్సులో తోచిన జవాబు, అన్నచోట ఆగిపోయాను. ఉన్నమాటే రాశాను: ఇంకా తోచలేదు.

అమ్మాయి నా భుజం మీదుగా చూస్తోంది.

"ఇది పెడితే అమ్మది కిందికి పోతుంది నాన్నా."

"తెలుసు."

నొక్కాను. గొడుగు ఒక మెట్టు కిందికి దిగింది. పోలేదు. నా టపా కిందే ఉంది.

అత్తయ్య మనవరాలిని లోపలికి పిలిచింది. తలుపు దగ్గరగా వేసుకుని ఇద్దరూ ఏదో గుసగుసలాడారు. "పేరు పెట్టాలా? నా పేరు వద్దు. వాళ్ళెవరూ పెట్టుకోలేదుగా" అన్న మాట ఒక్కటి వినపడింది. కాసేపటికి నా టపా కింద మొదటి వ్యాఖ్య కనిపించింది. రాసినవారి పేరు గాలి మనిషి.

"విన్నాను బాబూ. బాగుంది. తోచని జవాబుకి తొందర లేదు. ముందు ఆ గొడుగు సంగతి కనుక్కో."